ఒరిజినలేనా?

మా అన్న పాత రంపం మిషన్లు బాగుచేస్తాడు. పెట్రోలుతో నడిచే చైన్ రంపాలు. సుబాబుల్ తోటలు, జామాయిల్ తోటలు కోసేవి. ఒంగోలుకు పడమట రోడ్డు పక్కన రేకుల కొట్టం ఆయనది. కొట్టం నిండా గోతాలు. ఒక గోతంలో పిస్టన్లు, ఒక గోతంలో కార్బొరేటర్లు, మేకులకు వేలాడే చైన్లు. మూడు చచ్చిన మిషన్లలోంచి ఒక బతికిన మిషను తీస్తాడు.

కొనడానికొచ్చిన ప్రతివాడూ మొదట అడిగే మాట ఒకటే.

"ఏరా, ఒరిజినలేనా?"

మా అన్న చెప్పే జవాబూ ఒకటే.

"కాదు. కలగలుపు."

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్సు చెప్తాను. మా ఇంట్లో, మా ఇంటికి ముందూ వెనకా, డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. సెలవు రోజుల్లో పోయి ఆ కొట్టంలో కూచుంటాను. ఆ ప్రశ్న ఎన్నిసార్లు విన్నా నాకు అలవాటు కాలేదు. ఎందుకంటే మిషన్ని అడిగిన ఆ ప్రశ్నే నన్నూ అడిగారు. అడిగిన తీరు వేరు. జవాబు చెప్పే దగ్గర మా అన్నా నేనూ వేరైపోయాం. ఇది ఆ సంగతి.

మా తాత మోటకు తోలు తొండం కుట్టేవాడు. మా ఊళ్లో మోటబావుల నీళ్లు పైకొచ్చింది మాదిగోళ్లు కుట్టిన తోలులోంచే. ఆ నీళ్లతో పండిన చేలల్లో మాకు చేరెడు నేల లేదు. తోలు తొండంలో వచ్చిన నీళ్లకు మైల లేదంట. ఆ తోలు కుట్టిన చెయ్యి కడవకు తగిల్తే మైలంట. ఇదేం లెక్కో నేను చదివిన ఏ సైన్సు పుస్తకంలోనూ దొరకలేదు. నీళ్ల దగ్గర మొదలైన గొడవే 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది. నేనప్పటికి పుట్టలేదు. ఆ తారీఖు మాత్రం మా ఇంట్లో పుట్టినరోజుల కంటే బాగా గుర్తు.

తర్వాత ఆయిలింజన్లు వచ్చాయి, కరెంటు మోటార్లు వచ్చాయి. మోట పోయింది. మా నాయన బోరింగు పంపులకు తోలు వాషర్లు కోసిచ్చాడు. రబ్బరు వాషర్లు వచ్చినాక అదీ పోయింది. నాయన తోటల్లో జామాయిల్ తొక్క తీసే కూలికి పోయాడు. ఇద్దరు కొడుకుల్ని చదివించే శక్తి లేదు. పదో తరగతితో అన్న ఆగాడు. నేను నడిచాను. ఇందులో నా గొప్పేమీ లేదు. ఎవరో ఒకరు ఆగాలి గదా.

అన్న నాయన వెంటే తోటల్లోకి పోయాడు. గొడ్డలి పోయి చైన్ రంపాలు వచ్చినప్పుడు మోసేవాడుగా చేరి, కోసేవాడయ్యాడు. మిషను ఆగిపోతే మేస్త్రీ తిట్టేవాడు. ఆ తిట్లు పడలేక విప్పి చూడ్డం మొదలుపెట్టాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడినప్పుడు పడిపోయిన చెట్లు కొయ్యడానికి ముఠాతో అన్న కూడా పోయాడు. రాత్రింబగళ్లు నడిపి చంపేసిన మిషన్లు తర్వాత పాత ఇనప కొట్లలో తేలాయి. కిలోల లెక్కన ఆరు కొనుక్కొచ్చాడు. నాలుగు నెలలు వాటిని విప్పి బిగించి, బిగించి విప్పి, రెండింటిని బతికించాడు. ఆ రెండే మా అన్నకు బడి.

మీలో చాలామంది ఈ మిషన్ని దగ్గరగా చూసుండరు. చిన్న టూ స్ట్రోక్ ఇంజను. పెట్రోల్లోనే ఆయిలు కలిపి పొయ్యాలి. మా వైపు ఎక్కువగా తిరిగే చైనా మిషన్లకు అన్న లీటరుకు 40 మిల్లీలీటర్లు కలపమంటాడు. ఆయిలు తగ్గినా, సీళ్లు అరిగి ఎక్కడన్నా గాలి పీల్చినా పిస్టను గీరుకుని పట్టేస్తుంది. చాలా మిషన్లు చచ్చేది అట్టాగే. కాయిలుకూ చక్రానికీ మధ్య వెంట్రుకంత సందుండాలి. ఆ సందు కొలవడానికి అన్న దగ్గర పెళ్లిపత్రిక ముక్క ఉంటుంది. అది రెండింటి మధ్యా పెట్టి బిగించి లాగేస్తాడు. సైలెన్సరు బెజ్జం కాస్త పెద్దది చేస్తే బలం పెరుగుతుంది. కానీ అప్పుడు కార్బొరేటరు మర సడలించి పెట్రోలు పెంచాలి, లేకపోతే ఇంజను కాలిపోతుంది. "బలం ఊరకనే రాదురా. ఎక్కడో ఒకచోట తింటది. ఇంజన్నన్నా తింటది, కోసేవోడి చెవులన్నా తింటది" అంటాడు అన్న.

చైన్లో కట్టెను చెక్కే పళ్ల వంపు ఎవరు కనిపెట్టారో నేను చదివి అన్నకు చెప్పాను. 1946లో అమెరికాలో జోసెఫ్ కాక్స్ అనే ఆయన మొద్దులో పురుగు కట్టె తినడం చూశాడు. దాని దవడలు ఎడాపెడా కొరికే తీరు చూసి చైను పళ్లను అట్టా వంచాడు. ఇప్పటి చైన్లు ఆ దారిలో వచ్చినవే. అన్న నవ్వాడు. "పురుగు నేర్పితే నేర్చుకున్నాడు. ఈ ఊరోళ్లు మనకాడ నేర్చుకున్నది ఒప్పుకోవడానికే చచ్చిపోతారు."

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

పది పేర్లతో, పది రంగుల్లో వచ్చే చైనా మిషన్లలో చాలావాటికి లోపలి సామాను ఒకటే. ఎర్రదాని పిస్టను పచ్చదాంట్లో కూచుంటుంది. పేరు మీద మూతకే ఉంటుంది. అయితే అన్నీ అన్నిటికీ అమరవు. జర్మనీ మిషను పిస్టను ఇందులో కూచోదు. చైను కొలత .325 అయితే కింద పళ్ల చక్రమూ, చైను తిరిగే బారు ముక్కూ అదే కొలతవి కావాలి. ఒకటి మారితే చైను తెగి ఎగురుతుంది. కాబట్టి కలగలుపుకూ ఒక న్యాయం ఉంది. అది కొలతల న్యాయం. ఎవరికి పుట్టావని అడగదు, అమరతావా లేదా అని అడుగుతుంది.

మిళింద పన్హ అనే బౌద్ధ గ్రంథంలో మిళిందుడనే యవన రాజుకూ నాగసేనుడనే భిక్షువుకూ మధ్య రథం గురించి వాదన ఉంది. చక్రం రథమా? కాదు. ఇరుసు రథమా? కాదు. నొగ రథమా? కాదు. మరి రథం ఎక్కడుంది? ఇవన్నీ కలిసినచోట పెట్టుకున్న పేరే రథమని తేలుతుంది. మనిషి సంగతీ అంతేనని భిక్షువు అంటాడు. ఒకరోజు ఈ కథ అన్నకు చెప్పి, "నీ మిషన్లో ఏ ముక్క మిషను?" అని అడిగాను. అన్న స్టార్టరు తాడు లాగాడు. ఇంజను అందుకుంది. "ఇదిగో ఇప్పుడు మిషను" అన్నాడు. ఆపాడు. "ఇప్పుడు ఇనుం."

నేను మాత్రం నా గురించే ఆలోచిస్తున్నాను. నేనూ కలగలుపే. సాంఘిక సంక్షేమ హాస్టలు రేకు పెట్టె, సీనియర్లు వదిలేసిన గైడ్లు, ఎవరో టీచరమ్మ ఇచ్చిన చొక్కా, అన్న కూలి డబ్బులు, అమ్మ పస్తులు. ఇన్ని ముక్కలు బిగిస్తే ఒక బియ్యెస్సీ, ఒక బీఈడీ. 2016లో ఉద్యోగంలో చేరాను. స్టాఫ్ రూంలో ఒకాయన నవ్వుతానే అడిగాడు, "మాస్టారూ, మీది మెరిట్టా, కోటానా?" అంటే ఒరిజినలేనా అనే గదా. ఆయన తాత కరణం, నాయన హెడ్మాస్టరు. ఇంట్లో పుస్తకాలు, పొలం, టౌన్లో ఇల్లు. ఆయనవి మాత్రం ముక్కలు కావా? అవీ ముక్కలే. ఒకే కొట్లో, ఒకే రంగులో, అడక్కుండా దొరికిన ముక్కలు. అందుకని అతుకు కనపడదు. అతుకు కనపడకపోతే మెరిట్టు, కనపడితే కోటా.

కులం శ్రమను విభజించడం మాత్రమే కాదు, శ్రమజీవుల్ని విభజించడమని అంబేడ్కర్ 1936లో చెప్పాడు. లాహోరులో చదవాల్సిన ప్రసంగం. పిలిచినవాళ్లే సభ రద్దు చేసుకుంటే సొంత ఖర్చుతో అచ్చేయించాడు. ఈ దేశంలో కలవని రక్తం లేదనే సంగతీ అందులోనే ఉంది. అంటే ఒరిజినల్ అని మూత మీద రాసుకున్నవాళ్ల లోపలి సామాను కూడా కలగలుపే. ఇంతవరకూ వాదన తేలిక. స్టేజీ మీద చెప్పితే చప్పట్లు వస్తాయి. నేనూ చెప్పాను, చప్పట్లూ వచ్చాయి. తేలిక కానిది ఇకముందుంది.

ఉద్యోగంలో చేరినాక టౌన్లో ఇల్లు వెతికాను. "మీరేమిట్లండీ మాస్టారూ?" నాలుగిళ్ల దగ్గర నిజం చెప్పాను. ఒకాయనకు అక్క కొడుకు దిగబోతున్నాడు. ఒకామెకు పూజగది ఉంది. ఇంకొకాయన వంటలో మాంసం సంగతి అడిగాడు, ఆయన పెరట్లో కోళ్లు తిరుగుతున్నాయి. నాలుగో ఇంట్లో సగం నిండిన నీళ్ల గ్లాసు నా చేతికిచ్చినాక అడిగారు. జవాబు విన్న తర్వాత ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో నాకు తెలీలేదు. అయిదో ఇంటి దగ్గర "బీసీలమండీ" అన్నాను. తాళాలు చేతిలో పెట్టారు.

ఏడేళ్లు ఆ ఇంట్లో ఉన్నాం.

ఇది తప్పా? ఆ రోజుల్లో నాకు తప్పనిపించలేదు. ఇప్పటికీ ఆ ఇంటాయన విషయంలో తప్పనిపించదు. అడిగే హక్కే లేని ప్రశ్నకు నిజం చెప్పే బాకీ నాకెక్కడిది? దొంగ ఇంట్లోకొచ్చి నగలెక్కడున్నాయంటే నిజం చెప్పం గదా.

అన్న దగ్గర మాత్రం వాదన నిలబడలేదు. ఒకరోజు ఒక కంట్రాక్టరు వచ్చాడు. పేరున్న విదేశీ కంపెనీ మూతలు రెండు తెచ్చాడు. "ఇవి బిగించి స్టిక్కరెయ్. మిషనుకు మూడువేలు ఎక్కువిస్తా." అన్న చెయ్యనన్నాడు. ఆయన పోయినాక నేను గొడవేసుకున్నాను.

"అన్నా, లోకమంతా స్టిక్కర్లే గదా. వాళ్లు స్టిక్కరు చూసే మనుషుల్ని లోపలికి రానిస్తారు. స్టిక్కరేసుకుంటే నీకేం పోయింది?"

"కొన్నోడు ఆ కంపెనీ పిస్టను తెచ్చి ఇందులో బిగించబోతాడు. అమరదు. సీజను మధ్యలో మిషను చస్తది. కూలి ఎవుడికి పోద్ది? ఆసామికా?"

నేను మాట్లాడలేదు. అప్పుడు అన్న, నాకు తెలిసిందే, మళ్లీ చెప్పాడు. 2021లో జరిగిన సంగతి.

ఈ మిషనుకు ముందు పిడి దగ్గర ఒక అడ్డం ఉంటుంది. అదే చైన్ బ్రేకు. బారు ముక్కు పైభాగం కట్టెకు తగిల్తే మిషను ఒక్కసారిగా వెనక్కి, కోసేవాడి ముఖం మీదికి ఎగురుతుంది. ఆ ఎగరడంలో చెయ్యి అడ్డానికి తగిలి బ్రేకు పడి, కన్ను మూసేలోపల చైను ఆగాలి. 1970 దశకం నుంచి మంచి మిషన్లకు ఇది ఉంది. పాత మిషన్లలో మొదట విరిగేది అదే. విరిగితే పీకి పారేస్తారు, ఎందుకంటే అది లేకపోయినా మిషను కోస్తుంది.

ఆ ఏడు అన్న బ్రేకు లేని మిషనొకటి అమ్మాడు. దాచలేదు. "బ్రేకు లేదు" అని నోరు తెరిచి చెప్పాడు. ఏడొందలు తగ్గించాడు. కంట్రాక్టరు సరేనన్నాడు. ఏడొందలు కంట్రాక్టరుకు మిగిలినయి. మిషను పట్టుకున్నది మాత్రం మా పిన్నమ్మ కొడుకు. వాడికి బ్రేకు సంగతి ఎవరూ చెప్పలేదు. మూడో రోజు సుబాబుల్ మోడు తగిలి మిషను ఎగిరింది. ఎడమ ముంజేతికి పదిహేడు కుట్లు. రెండు వేళ్లు ఇప్పటికీ ముడవలేడు. చొక్కా బొత్తాలు వాళ్లమ్మ పెడతది.

"నేను అబద్దం చెప్పలా. అయినా వాడి చెయ్యి పోయింది. కొన్నోడికి నిజం చెప్తే చాలనుకున్నా. పట్టుకునేది ఎవుడో చూసుకోలా" అన్నాడు అన్న.

తర్వాత మామూలుగానే, తిట్టకుండానే, అడిగాడు. "నీ స్టిక్కరు సంగతేంది? ఇంటాయన కొన్నోడు. పట్టుకున్నది ఎవురు?"

నాకు తెలుసు ఎవరో. చెప్పడానికి నోరు రాలేదు. మీకు చెప్తున్నాను.

2023 సంక్రాంతికి ముందు అమ్మ మా ఇంటికొచ్చింది. వచ్చిన రోజే పక్కకు తీసుకుపోయి చెప్పాను. "అమ్మా, పైనామె అడిగితే పల్లె అనబాకు. ఊళ్లో అని చెప్పు." అమ్మ తలూపింది. రెండు రోజులు గడప దాటలేదు. మాట జారుద్దేమోనని బయట అరుగు మీద కూడా కూచోలేదు. ఎండలో జామాయిల్ తొక్క తీసిన మనిషి నా ఇంట్లో చీకటి గదిలో కూచుంది. మూడో రోజు పొద్దున ఆరేళ్ల నా కూతురు నాయనమ్మ ఒళ్లో కూచుని, చెవిలో చెప్పాననుకుని గట్టిగానే చెప్పింది. "నాయనమ్మా, పల్లె అనబాకు. మంచిమాట కాదు. నాన్న తిడతాడు."

నేనెప్పుడూ అది మంచిమాట కాదని బిడ్డకు చెప్పలేదు. దాచిందేదైనా చెడ్డదే అయ్యుంటుందని బిడ్డే లెక్క కట్టుకుంది. ఆ లెక్కలో తప్పేముంది? అమ్మ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు మొదటి బస్సుకు పోయింది.

మిత్రులారా, నేను చెప్పదలచుకున్నది ఇంతే. అడిగినవాడికి నాకు బాకీ లేదు. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. అబద్దానికి కారణం ఆ ప్రశ్న, ఆ ప్రశ్న వెనక ఉన్న కులం. కానీ కారణం ఎవరిదైనా, ఆ అబద్దాన్ని నాతోపాటు పట్టుకున్నవాళ్లున్నారు. వాళ్లను నేను అడగలేదు. బ్రేకు లేని మిషను చేతికిచ్చి పనిలోకి దించినట్టు, మా అమ్మనూ నా బిడ్డనూ ఆ ఇంట్లోకి దించాను. బాకీ ఉంటే వాళ్లకుంది.

ఇది చదివి హాస్టళ్లలో, అద్దె గదుల్లో పేరు దాచుకుని బతుకుతున్న పిల్లలెవరైనా ఉంటే, మాస్టారు మమ్మల్ని దోషుల్ని చేస్తున్నాడనుకోవద్దు. ఒంటరిగా ఉన్నవాడు తల దాచుకోవడానికి చెప్పే మాటను తూచే త్రాసు నా దగ్గర లేదు. నిజం చెప్పి రోడ్డున పడమని నేను ఎవరికీ చెప్పను. చెప్పేవాళ్లు ముందు తమ ఇంట్లో ఒక గది ఖాళీ చేసి చెప్పాలి. నేనడిగేది ఒకటే. ఆ మాట ఇంకెవరి చేతిలో ఉందో చూసుకోండి.

ఇంకో సంగతీ చెప్పాలి. మా అన్న కొట్టం చూసినవాళ్లు, మన ఉద్యమ మిత్రులు కూడా, "మీవాళ్ల చేతుల్లో పనితనముంది, చెత్తలోంచి బంగారం తీస్తారు" అని మెచ్చుకుంటారు. తాతను కూడా అట్టాగే మెచ్చుకున్నారు. ఆ మెప్పు వింటే నాకు మా పిన్నమ్మ కొడుకు చెయ్యి గుర్తొస్తుంది. లేమిలోంచి పుట్టిన పనితనాన్ని గౌరవించండి. కానీ లేమిని పొగడొద్దు. పిస్టను పాతదైనా పరవాలేదు. బ్రేకు మాత్రం కొత్తది కావాలి. దాని డబ్బులు కోసేవాడి కూలిలోంచి కాదు, కోయించేవాడి జేబులోంచి రావాలి. ఇది అన్న ఒక్కడు కొట్టంలో కూచుని తేల్చగలిగే సంగతి కాదు. అది మీ పని కూడా.

అన్నతో మాట్లాడిన వారానికి మేడ మీదికి పోయి ఇంటాయనకు చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ముందే చెప్పుంటే బాగుండేది మాస్టారూ" అన్నాడు. ముందే చెప్తే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. నెల తిరక్కుండానే వాళ్లబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చేస్తున్నాడన్నారు. ఖాళీ చేశాం. ఇప్పుడు టౌను చివర రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం. వానొస్తే వంటింట్లో నీళ్లు కారతాయి. స్కూలుకు రెండు బస్సులు మారాలి. నేను గెలిచానని చెప్పడానికి ఇది రాయలేదు.

అన్న ఇప్పుడు బ్రేకు లేకుండా మిషను ఇవ్వడు. దానివల్ల సీజనుకు నాలుగైదు బేరాలు పోతున్నాయి. ప్రతి మిషను పిడికీ ఒక అట్టముక్క కడతాడు. అందులో ఏ ముక్క ఎక్కడిదో, ఏది పాతదో, ఏది కొత్తదో, ఆయిలెంత కలపాలో ఉంటుంది. అది కొన్నవాడి కోసం కాదు, కోసేవాడి కోసం. అన్న చేతిరాత బాగుండదు కాబట్టి సెలవు రోజుల్లో నేను రాస్తాను. పోయిన ఆదివారం నా కూతురు కూడా వచ్చింది. పక్కన కూచుని నేను చెప్తుంటే రాసింది. పిస్టను, ఎర్ర మిషన్ది. కాయిలు, పచ్చ మిషన్ది. బ్రేకు, కొత్తది. చివర్లో తలెత్తి అడిగింది.

"నాన్నా, చేసిందెవరని రాయొద్దా?"

"పెదనాన్న పేరు రాయమ్మా."

"ఊరు?"

అన్న పని ఆపి నా వైపు చూశాడు.

"పల్లె పేరు రాయి" అన్నాను. అక్షరం కష్టమైతే పక్కనుండి చెప్పాను.